తాతయ్య కబుర్లు: ఏ రంగు ఎవరికి నప్పుతుంది?

పిల్లలూ!

ఈ నెల కబుర్లు ఒక మామిడిపండు రంగు గుడ్డతో మొదలవుతాయి.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా అమ్మాయి, అంటే మా బుజ్జికీ చంటికీ అత్తయ్య, ఊరినుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే, పిల్లలకు పండగ బట్టలు కొంటానని ఇద్దరినీ వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళింది. పోయేటప్పుడు బుజ్జి గంతులు వేస్తూ పోయింది. వచ్చేటప్పుడు మూతి ముడుచుకుని వచ్చింది. సంచీ ఒక మూల పడేసి, అన్నానికి రెండుసార్లు పిలిపించుకుని, నాలుగు మెతుకులు కొరికి లేచింది.

"ఏమే, బట్టలు బాగా లేవా?" అని అడిగాను.

"బాగానే ఉన్నాయి, తాతయ్యా," అన్నది. అంతకు మించి ఒక్క మాట లేదు.

అసలు సంగతి చంటి చెప్పాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. కొట్లో బుజ్జి మామిడిపండు రంగు పట్టుగుడ్డ ఒకటి పట్టుకుని వదలలేదట. అత్తయ్య దాన్ని తీసి పక్కన పెట్టి, "నీ ఒంటికి ఇది నప్పదే. నలుపు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇదుగో, ఇలాంటి లేత రంగు వేసుకుంటే కాస్త తెల్లగా కనపడతావు," అని చెప్పి లేత గోధుమరంగు గుడ్డ కొన్నదట. కొట్టువాడు కూడా, "అవునమ్మా, అంతే," అని తల ఊపాడట.

మర్నాడు పొద్దున్నే నేను వసారాలో కూచుని పత్రిక చూస్తూంటే బుజ్జి వచ్చి పక్కన కూచున్నది. కాసేపు స్తంభం మీద వేలితో ముగ్గులు వేసి, "తాతయ్యా, నల్లగా ఉన్నవాళ్ళకు మంచి రంగులేవీ నప్పవా?" అని అడిగింది.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఊరికే అడిగాను. బళ్ళో ఫోటో తీసేటప్పుడు కూడా నేను వెనక వరసలోనే నిలబడతాను."

నేను పత్రిక మడిచి పెట్టాను. పిల్లలు "ఊరికే అడిగాను" అన్నప్పుడు పెద్దవాళ్ళు పత్రిక మడిచి తీరాలి.

"దీనికి నేను జవాబు చెప్పి లాభం లేదు," అన్నాను. "తాతయ్య గనక నా పక్షం మాట్లాడాడు అంటావు. రంగులనే అడుగుదాం. నీ పుస్తకాలకు అట్టలు వేయగా గోధుమరంగు కాగితం మిగిలిందా?"

బుజ్జి కాగితమూ, కత్తెరా తెచ్చింది. చంటి తన పెట్టెలోనుంచి రంగు కాగితాల కట్ట తెచ్చాడు. బుజ్జిచేత గోధుమరంగు కాగితాన్ని తపాలాబిళ్ళంత ముక్కలుగా ఆరు కత్తిరింపించాను. ఆరూ ఒకే కాగితంలోనివి. తరవాత తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం కాగితాలు అరుగు మీద వరసగా పరిచి, ఒక్కొక్క దాని నడుమ ఒక్కొక్క ముక్క పెట్టించాను.

"ఇప్పుడు చూడండి, ఆరు ముక్కలూ ఒక్కలాగే ఉన్నాయా?"

చంటి వంగి చూశాడు. "లేవు! తెల్లకాగితం మీది ముక్క ముదురుగా ఉన్నది. నల్లకాగితం మీద పెట్టింది లేతగా ఉన్నది. ఎరుపు మీద ఉన్నది చప్పగా ఉన్నది. ఆకుపచ్చ మీద ఉన్నది కాస్త ఎర్రబడింది. తాతయ్యా, నువ్వు మధ్యలో వేరే ముక్కలు మార్చావు!"

"నేను ముట్టుకోనైనా లేదు. నువ్వే తీసి పక్కపక్కన పెట్టి చూసుకో."

వాడు ఆరు ముక్కలూ తీసి తెల్లకాగితం మీద ఒకచోట పెట్టాడు. ఆరూ ఒక్కటే రంగు. మళ్ళీ వేరువేరుగా పెట్టాడు. మళ్ళీ ఆరు రంగులు! వాడు మూడుసార్లు అలా తీసి పెట్టి, తల గోక్కున్నాడు.

చూశారా, పిల్లలూ? మన కన్ను ఏ రంగునూ ఒంటరిగా చూడదు. పక్కనున్న దానితో పోల్చి చూస్తుంది. పక్కన తెలుపు ఉంటే నడుమనున్నది ముదురుగా తోస్తుంది. పక్కన నలుపు ఉంటే లేతగా తోస్తుంది. అంతేకాదు. పక్కనున్న రంగుకు ఎదురు రంగు ఏదో, ఆ డాలు కొంచెం దీనికి అంటినట్టు తోస్తుంది. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. పసుపుకు ఎదురు నీలం. అందుకే ఆకుపచ్చ మీద పెట్టిన ముక్క ఎర్రబడినట్టు కనపడింది. నీలం మీద పెట్టిన ముక్క బంగారపు డాలు వేసింది.

"దీన్ని లోతుగా పరిశీలించిన పెద్దమనిషి కథ చెబుతాను, వినండి," అన్నాను.

పారిస్ నగరంలో గోబ్లాన్ అనే పేరుగల పెద్ద నేత కార్ఖానా ఉన్నది. గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు అక్కడ నేస్తారు. 1824లో అక్కడి అద్దకం పనికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి అధికారిగా వేశారు. ఆయన వచ్చీ రాగానే ఫిర్యాదులు మొదలయ్యాయి. "మీరు అద్దిన నలుపు బాగా లేదు. బొమ్మల్లో నీలంబట్టలకూ, ఊదాబట్టలకూ నీడలుగా నల్ల ఉన్ని పెట్టి నేస్తే, అది నలుపులాగే కనపడటం లేదు. వెలిసినట్టున్నది," అన్నారు.

షెవ్రోల్ ముందు తన రంగునే అనుమానించాడు. లండన్ నుంచీ, వియన్నా నుంచీ వచ్చిన నల్ల ఉన్నితో తన ఉన్నిని పోల్చి చూశాడు. తన నలుపు దేనికీ తీసిపోలేదు. అప్పుడు ఆయనకు తట్టింది. ఉన్నిలో లోపం లేదు. దాని పక్కన నేసిన నీలమూ, ఊదా దాన్ని అలా కనపడేట్టు చేస్తున్నాయి!

"అయితే తప్పు నలుపుది కాదన్నమాట!" అన్నది బుజ్జి.

"కాదు. పాపం, ఊరికే మాటపడింది," అన్నాను.

ఆ తరవాత షెవ్రోల్ ఏళ్ళ తరబడి రంగులను పక్కపక్కన పెట్టి చూసి, 1839లో ఒక పెద్ద పుస్తకం ప్రకటించాడు. నేతగాళ్ళకూ, చిత్రకారులకూ, తోటమాలులకూ పనికివచ్చే పుస్తకం అది. ఎలాంటి ముఖం పక్కన ఏ రంగు గుడ్డ ఉంటే ముఖం ఎలా మారినట్టు కనపడుతుందో కూడా అందులో రాశాడు. పాలిపోయిన తెల్లని ముఖం పక్కన లేత ఆకుపచ్చ గుడ్డ ఉంటే, ముఖంలో ఎరుపు డాలు పుడుతుందన్నాడు. మీరు ఇందాక కాగితాలతో చూసిందే అది. ఆయన 102 ఏళ్ళు బతికి 1889లో పోయాడు.

"సరే, కాగితం ముక్కకు రంగు అద్దారు. నా ఒంటికి ఈ రంగు ఎవరు అద్దారు?" అని అడిగింది బుజ్జి.

మంచి ప్రశ్న. మన చర్మంలో పైపొర అడుగున కొన్ని చిన్నచిన్న కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. తమాషా ఏమిటంటే, తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు ఒక్కటే! అవి ఎంత మెలనిన్ తయారు చేస్తాయి, ఏ రకం మెలనిన్ తయారు చేస్తాయి అనే దాంట్లోనే తేడా. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు ఉన్నాయి. అవి ఎక్కువగా తగిలితే చర్మానికి హాని చేస్తాయి. మెలనిన్ ఆ కిరణాలను పట్టి ఆపుతుంది. ఎండ మండే దేశాలలో వేల ఏళ్ళు బతికినవారికి ముదురు రంగు గొడుగులాగా పనికివచ్చింది. ఎండ తక్కువగా ఉండే దేశాలలో, ఆ కొద్ది ఎండతోనే ఒంట్లో 'డి' విటమిను తయారు కావాలి గనక, లేత రంగు పనికివచ్చింది. ఎక్కడి గొడుగు అక్కడిది.

"నీ జుట్టును నల్లగా చేసినదీ, కంటిలో నల్లగుడ్డుకు రంగు ఇచ్చినదీ ఆ మెలనినే," అన్నాను. "నల్లని జుట్టు చూసి నిగనిగలాడుతున్నదని మెచ్చుకునేవాళ్ళు, అదే సరుకు ఒంటి మీద కనపడితే మూతి విరుస్తారు. ఇదేం లెక్కో నాకూ తెలియదు!"

బుజ్జి నవ్వింది. ముందురోజు మధ్యాహ్నం తరవాత నవ్వటం అదే మొదలు.

ఇంతలో మా అమ్మాయి కాఫీ తీసుకుని వచ్చింది. గుమ్మంలోనుంచి అంతా వింటూనే ఉన్నది కాబోలు, "నాన్నా, మీరు కబుర్లు బాగానే చెబుతున్నారు. కాని నేనన్నదాంట్లో తప్పేమున్నది? పసుపు పక్కన నలుపు ఇంకా నల్లగా కనపడదూ? మీ కాగితమే చెబుతున్నదిగా?" అన్నది.

"కనపడుతుంది. నువ్వన్నది అబద్ధం కాదు," అన్నాను. "కాని నువ్వు కొట్లో ఏం ప్రశ్న వేసుకున్నావో చూడు. 'ఏ గుడ్డ వేస్తే పిల్ల తెల్లగా కనపడుతుంది?' అని వేసుకున్నావు. 'ఏ గుడ్డ వేస్తే పిల్ల బాగా కనపడుతుంది?' అని వేసుకోలేదు. రెండూ ఒక్కటే అనుకున్నావు."

మా అమ్మాయి జవాబు చెప్పలేదు. చిక్కుడుకాయలు వలుస్తూ కూచున్న పిల్లల నాయనమ్మ మాత్రం తల ఎత్తింది.

"మన కిష్టయ్యది ఏం రంగే?" అని అడిగింది బుజ్జిని.

"నీలమేఘం రంగు. నలుపే."

"ఆయనకు ఏం గుడ్డ కట్టారు?"

"పీతాంబరం!" అన్నాడు చంటి ముందుగా. "అంటే పసుపుపచ్చ పట్టుబట్ట."

"మరి బలరాముడు తెల్లనివాడు. ఆయనకేం కట్టారు?"

ఈసారి పిల్లలకు తెలియలేదు. నాయనమ్మే చెప్పింది: "నీలాంబరం. ఆయన పేరే నీలాంబరుడు. నల్లనాయనకు పచ్చబట్టా, తెల్లనాయనకు నీలిబట్టా కట్టారు గాని, కిష్టయ్యను కాస్త తెల్లగా కనపడేట్టు చేద్దామని ఎవరూ అనుకోలేదు." ఈ మాట అని మళ్ళీ చిక్కుడుకాయలు వలవసాగింది.

పసుపూ నీలమూ ఎదురు రంగులని ఇందాక చెప్పుకున్నాం గదా? పక్కపక్కన చేరితే ఒకదాన్ని ఒకటి పైకి తెస్తాయి. మన నేతగాళ్ళకు ఈ రహస్యం బాగా తెలుసు. గద్వాల చీరలు చూడండి, ఒళ్ళు ఒక రంగు, అంచు మరొక రంగు. చిలకపచ్చ చీరకు మిరపపండు రంగు అంచు వేస్తే, పచ్చ మరింత పచ్చగానూ ఎరుపు మరింత ఎర్రగానూ కనపడతాయి.

"ఇక వాదం చాలు. అద్దం తీసుకురండి," అన్నాను.

వసారాలో మంచి వెలుతురు ఉన్నది. నేరుగా ఎండ పడటం లేదు. రంగులు చూడటానికి అలాంటి చోటే కావాలి. బుజ్జిని అద్దం ముందు కూచోబెట్టి, జుట్టు వెనక్కు కట్టి, భుజాల మీద తెల్లని తువ్వాలు కప్పాను. వేసుకున్న గౌను రంగు అడ్డం రాకుండా అది. ఆ తువ్వాలు మీద, మెడకింద, నాయనమ్మ పెట్టెలోని చీరలు ఒక్కొక్కటే పరుస్తూ వచ్చాం. నియమం ఒక్కటే: గుడ్డను చూడకూడదు, ముఖాన్ని చూడాలి.

మొదట నిన్న కొన్న లేత గోధుమరంగు గుడ్డ వేశాం. "ముఖం ఏదో దుమ్ము పట్టినట్టున్నది," అన్నాడు చంటి. నిజమే. బుజ్జి ఒంటిరంగూ, ఆ గుడ్డా ఒకే తెగవి. ఒకదానికి ఒకటి ఎదురు నిలవక రెండూ చప్పబడ్డాయి.

నేరేడుపండు రంగు చీర వేశాం. ముఖం తేటగా కనపడింది. చిలకపచ్చ వేశాం. బుగ్గల్లో ఎరుపు డాలు వచ్చింది. కనకాంబరం రంగు వేశాం. అందరి కళ్ళూ చీర మీదికే పోయాయి, ముఖం వెనకబడింది. నిమ్మపండు రంగు వేశాం. ఫరవాలేదు, అంతే.

చివర నాయనమ్మ తన పెళ్ళినాటి మామిడిపండు రంగు పట్టుచీర తీసి తనే పరిచింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కళ్ళలో తెలుపు మిలమిలలాడింది. కనుబొమలు కాటుకతో దిద్దినట్టు తీరుగా కనపడ్డాయి. గడ్డం కింద లేత బంగారం వెలుగు ఒకటి పాకింది.

"ఆ వెలుగు ఎక్కడిది, తాతయ్యా?" అన్నది బుజ్జి గడ్డం తడుముకుని.

అది చీర తిప్పికొట్టిన వెలుతురు. రంగుగుడ్డ మీద వెలుతురు పడితే, అందులో కొంత ఆ రంగుతోనే వెనక్కు తిరిగివచ్చి, దగ్గర ఉన్నదాని మీద పడుతుంది. ఎర్రగుడ్డను ఎండలో తెల్లగోడ పక్కన పట్టుకుంటే గోడ ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. అంచేత మెడ దగ్గరి గుడ్డ ముఖానికి రెండు పనులు చేస్తుంది. కంటికి పోలిక చూపి ముఖం రంగును అటో ఇటో నెడుతుంది. తన రంగు వెలుతురును ముఖం మీదికి కొంచెం విసురుతుంది. ఈ రెండూ కలిసి ఏం చేస్తాయో ముందుగా లెక్కకట్టి చెప్పటం కష్టం. అద్దంలో చూసుకోవలసిందే.

"నల్లగానే ఉన్నాను," అన్నది బుజ్జి అద్దంలోకి చూస్తూ. తరవాత మెల్లిగా, "కాని బాగున్నాను," అన్నది.

ఇంతసేపూ మా అమ్మాయి ఏమీ అనలేదు. నిన్న కొన్న గుడ్డను చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, "నాన్నా, ఇది కొట్లో ఇలా లేదు. మంచి గంధం రంగులో ఉన్నది. ఇప్పుడేమిటి, ఇలా మట్టిరంగుగా ఉన్నది?" అన్నది.

దీనికి కారణం చెబుతాను. సూర్యుడి వెలుతురులో ఎరుపు మొదలు ఊదా వరకు అన్ని రంగులూ కలిసి ఉన్నాయి. ఇంద్రధనుస్సులో మీరు చూసేవి అవే. కొట్లో దీపాల వెలుతురు కూడా తెల్లగానే కనపడవచ్చు గాని, అందులో ఈ రంగులు అవే పాళ్ళలో ఉండవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. గుడ్డ తన మీద పడిన వెలుతురులోనుంచే కొంత తిప్పికొడుతుంది. అసలు పడని రంగును ఎక్కడినుంచి తెస్తుంది? అందుకే దీపం మారితే గుడ్డ రంగు మారుతుంది. చీరకు సరిగ్గా సరిపోయిందని కొన్న జాకెట్టు గుడ్డ ఇంటికి రాగానే వేరే రంగుగా కనపడటం మీ అమ్మలందరికీ అనుభవమే. రెండు గుడ్డలకూ వేసిన అద్దకాలు వేరు. కొట్లో దీపం కింద ఒక్కలాగా కనపడినవి, పగటి వెలుతురులో విడిపోయాయి. మన పెద్దవాళ్ళు చీరను కొట్టు గుమ్మం బయటికి తెచ్చి చూసేది ఇందుకే. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాల కొట్లలోనూ ఆ అలవాటు మానకండి.

"కొట్లో ఇంకొక చిక్కు కూడా ఉన్నది," అన్నాను. షెవ్రోల్ తన పుస్తకంలో ఇదీ రాశాడు. కొనేవాడికి ఒకే ఎర్రగుడ్డలు పధ్నాలుగు వరసగా చూపిస్తే, చివరి ఆరేడూ మొదటివాటికన్న బాగా లేవనిపిస్తాయి. గుడ్డల్లో తేడా ఏమీ లేదు. కన్ను ఎరుపు చూసిచూసి అలిసిపోయింది. మధ్యలో ఆకుపచ్చ గుడ్డలు చూపిస్తే కన్ను మళ్ళీ తేరుకుంటుంది. ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఆకుపచ్చ బట్టలు వేసుకోవటానికి ఇదీ ఒక కారణం. నెత్తుటి ఎరుపును చాలాసేపు చూసిన కంటికి ఆ పచ్చ విశ్రాంతి.

"మరి ఫలానా ఒంటికి ఫలానా రంగని చెప్పే పుస్తకాలున్నాయటగా?" అన్నది మా అమ్మాయి.

ఉన్నాయి. 1980లో అమెరికాలో కారొల్ జాక్సన్ అనే ఆవిడ రాసిన పుస్తకం చాలా పేరుపొందింది. ఒంటిరంగూ, జుట్టూ, కళ్ళూ చూసి మనుషులను వసంతం, వేసవి, శరత్తు, శీతకాలం అని నాలుగు జట్లు చేసి, జట్టుకు కొన్ని రంగులు చెప్పటం ఆ పద్ధతి. పచ్చజుట్టు, ఎర్రజుట్టు, నీలికళ్ళు, బూడిదరంగు కళ్ళు ఉన్న దేశంలో అలా విడదీయటం వీలైంది. నల్లజుట్టూ నల్లకళ్ళూ ఉన్న మనబోటివాళ్ళలో ఎక్కువమంది ఒక్క శీతకాలం గంపలోనే పడతారు. మా ఇంట్లోనే చూడండి: నాయనమ్మ పసిమిఛాయ, నేను చామనఛాయ, చంటి గోధుమవన్నె, బుజ్జి నలుపు, అత్తయ్య ఎరుపు. అందరి జుట్టూ నలుపే, నాదీ నాయనమ్మదీ తప్ప! అందరికీ ఒకే జాబితా ఎలా సరిపోతుంది? పుస్తకంకన్న అద్దం మేలు.

"అయితే అత్తయ్యకు కూడా చూద్దాం!" అని చంటి గోల చేశాడు.

మా అమ్మాయి వద్దువద్దంటూనే కూచున్నది. ఆమెకు మీగడరంగు చీరలంటే ఇష్టం. పెట్టెనిండా అవే. మీగడరంగు చీర మెడకింద వేస్తే ముఖం పాలిపోయినట్టు కనపడింది. బుజ్జి ముదురు నీలం చీర తెచ్చి పరిచింది. జ్వరం తగ్గి లేచిన మనిషిలాగా ముఖం కళకళలాడింది.

మా అమ్మాయి అద్దంలోకి చాలాసేపు చూసుకున్నది. "చిన్నప్పటినుంచీ అందరూ, 'నీకేమే, ఎర్రగా ఉన్నావు, నీకు ఏ రంగైనా నప్పుతుంది,' అనేవాళ్ళు. అంచేత నేను ఎప్పుడూ చూసుకోనే లేదు," అన్నది. తరవాత బుజ్జి తల నిమిరి, "నిన్న నేను కూడా నిన్ను చూడలేదే. నీ రంగునే చూశాను," అన్నది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ బజారుకు వెళ్ళారు. గోధుమరంగు గుడ్డ తిరిగి ఇచ్చారు. బుజ్జి మామిడిపండు రంగు గుడ్డనూ, నేరేడుపండు రంగు గుడ్డనూ గుమ్మం బయటికి తెచ్చి, పగటి వెలుతురులో మెడకింద పెట్టుకుని చూసుకున్నదట. కొట్టువాడు అద్దం పట్టుకుని నిలబడ్డాడట. మామిడిపండు రంగు పరికిణీకి నేరేడుపండు రంగు అంచు వేయించుకున్నది.

పండగనాడు మా అమ్మాయి ఇంటిల్లిపాదికీ ఫోటో తీసింది. బుజ్జి ముందు వరసలో, సరిగ్గా నడుమ నిలబడింది. పక్కన నిలబడమని చంటికి చోటు కూడా ఇవ్వలేదు.

మీరూ చేసి చూడండి

1. పుస్తకాలకు అట్టలు వేసే గోధుమరంగు కాగితంలోనుంచి చిన్న ముక్కలు కత్తిరించి రకరకాల రంగు కాగితాల మీద పెట్టండి. ఏ రంగు మీద ముదురుగా, ఏ రంగు మీద లేతగా కనపడుతుందో రాసుకోండి.

2. ఎర్రకాగితంతో రూపాయి బిళ్ళంత చక్రం కత్తిరించి తెల్లకాగితం మీద పెట్టి, కన్ను కదపకుండా ముప్ఫై లెక్కపెట్టేదాకా చూడండి. వెంటనే తెల్లగోడ మీదికి చూపు తిప్పండి. గోడ మీద నీలం కలిసిన పచ్చచక్రం ఒకటి కనపడుతుంది. కన్ను అలిసిపోతుందన్నానే, దానికి రుజువు ఇదే.

3. అద్దం పరీక్ష పగలే చేయండి. కిటికీకి ఎదురుగా కూచోండి. దీపాలు ఆర్పండి. భుజాల మీద తెల్లగుడ్డ కప్పుకోండి. ఒక్కొక్క రంగు చూశాక కాసేపు తెల్లగోడను చూసి కంటికి విశ్రాంతి ఇవ్వండి.

4. మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదట నా కంట పడింది ముఖమా, గుడ్డా? కళ్ళు తేటగా ఉన్నాయా? ముఖం అలిసినట్టున్నదా, హుషారుగా ఉన్నదా? "తెల్లగా ఉన్నానా?" అనే ప్రశ్న మాత్రం పరీక్షలో లేదు.

5. మీకు ఎంతో ఇష్టమైన రంగు ముఖం పక్కన నిలవలేదా? దిగులుపడకండి. పరికిణీకి ఆ రంగు వేసుకుని, మెడ దగ్గర ఉండే జాకెట్టుకు వేరే రంగు వేసుకోండి. మగపిల్లలైతే చొక్కా ఒకటి, లాగు ఒకటి. కిందనున్న రంగు ముఖాన్ని అంతగా మార్చదు.

పెద్దలకు ఒక మాట: పిల్లల ఒంటిరంగు మురికీ కాదు, జబ్బూ కాదు. దాన్ని తెల్లబరుస్తామని చెప్పే పూతలను పిల్లల ముఖాలకు రాయకండి. అలాంటి కొన్ని పూతల్లో పాదరసం బయటపడింది. అది మూత్రపిండాలను చెడగొట్టే విషం. ఇక మాటల సంగతి. కొట్లో నిలబడి మనం అనే ఒక్క మాట పిల్లలను ఫోటోలో వెనక వరసకు పంపుతుంది. గుడ్డ కొనబోయే ముందు, పిల్ల ఏ రంగు పట్టుకుని వదలటం లేదో ఒకసారి చూడండి. దాన్ని గుమ్మం బయటికి తెచ్చి, వెలుతురులో ఆ ముఖం పక్కన పెట్టి చూడండి.

పిల్లలూ, మీ అద్దం పరీక్షలో ఏ రంగు గెలిచిందో నాకు రాయండి. నాకు ఏది గెలిచిందని అడుగుతారేమో! చంటి నాకూ పరీక్ష చేశాడు. నా తెల్లజుట్టుకూ చామనఛాయకూ వంగపండు రంగు చొక్కా మొదటి బహుమతి కొట్టింది. ఇన్నేళ్ళూ తెల్లచొక్కాలే తొడిగాను. వచ్చే పండగకు చూడాలి.

మీ
తాతయ్య